రికార్డు షీట్లు

మొన్న ఆదివారం కోడలు కాఫీ గ్లాసు చేతికిస్తూ, "మామయ్యగారూ, పాపకు మార్చి 31 నాటికి ఆరేళ్లు నిండవట కదా, కేంద్రీయ విద్యాలయంలో ఒకటో తరగతికి తీసుకోరు. ఏం చేద్దాం?" అని అడిగింది. విశాఖలో ఒక ఉన్నత పాఠశాల ఆఫీసులో ముప్పై ఏళ్లకు పైగా గుమస్తాగా చేసినవాణ్ణి కాబట్టి నా దగ్గర ఏదో మార్గం ఉంటుందని ఆమె ఆశ.

మా చిన్నప్పుడైతే మార్గం ఉండేది. కుడిచెయ్యి తల మీదుగా తిప్పి ఎడమ చెవి అందుకుంటే పిల్లవాడికి ఐదేళ్లు నిండినట్టే. ఆ పైన మాస్టారు జూన్‌లో ఏదో ఒక తేదీ రాసుకునేవారు. మా అమ్మ లెక్కలో నేను దీపావళి ముందు పుట్టాను, సర్టిఫికెట్లలో మాత్రం జూన్‌లోనే. ఆ తేదీ పుణ్యమా అని ఐదు నెలలు ముందే రిటైరయ్యాను, అది వేరే బాధ. పాపకు పుట్టిన సర్టిఫికెట్ ఉంది, చెవి అందినా లాభం లేదు. ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచమన్నాను.

ఆరేళ్ల నియమం 2020 జాతీయ విద్యా విధానం నుంచి వచ్చింది. అందులో చదువును 5+3+3+4గా విడదీశారు. మూడో ఏట అంగన్‌వాడీతో మొదలై రెండో తరగతి దాకా పునాది దశ, తర్వాత 3 నుంచి 5 వరకు ఒకటి, 6 నుంచి 8 వరకు ఒకటి, 9 నుంచి ఇంటర్ దాకా ఇంకొకటి. కూడితే 15.

నాకంటే నాలుగేళ్లు పెద్దవాడైన మా అన్నయ్య పదకొండో తరగతితో ఎస్సెస్సెల్సీ ముగించి, ఏవీఎన్ కళాశాలలో డిగ్రీకి ముందు చదివే ఏడాది పీయూసీ, ఆ తర్వాత మూడేళ్ల డిగ్రీ చదివాడు. మొత్తం 15. 1969లో మన రాష్ట్రం పీయూసీ తీసేసి రెండేళ్ల ఇంటర్ తెచ్చింది. 1964–66 నాటి కొఠారీ కమిషన్ సూచించిన 10+2+3 అదే. నేను ఆ దారిన వెళ్లాను. అదీ 15 ఏళ్లే. తేడా ఏమిటంటే, మా పదిహేను డిగ్రీతో ముగిసేది, పాప పదిహేను ఇంటర్‌తో ముగుస్తుంది. అప్పట్లో మూడేళ్ల పిల్ల మట్టిలో ఆడుకోవడం ఏ లెక్కలోకీ రాలేదు. అది లెక్కలోకి వచ్చినందుకు నాకు సంతోషమే. (అన్నయ్య చదివిన ఆ ఏవీఎన్‌లోనే సి.వి. రామన్ ఎఫ్.ఏ., అంటే అప్పటి ఇంటర్ లాంటిది, చదివారు. అంతకుముందు ఈ ఊళ్లోనే పదకొండో ఏట మెట్రిక్ పాసయ్యారు. కొత్త లెక్కలో పదకొండేళ్లవాడు అప్పుడప్పుడే ఆరో తరగతి గుమ్మం తొక్కుతాడు.)

ఆఫీసులో కూర్చున్నవాడికి దశలంటే ఈ అంకెలు కావు, కాగితాలు. పిల్లలు బడి మారేటప్పుడు ప్రాథమిక బడి ఇచ్చేది రికార్డు షీటు, ఉన్నత పాఠశాల ఇచ్చేది టీసీ. ఏటా జూన్‌లో చుట్టుపక్కల ప్రాథమిక బడుల హెడ్మాస్టర్లు ఐదో తరగతి పూర్తయిన పిల్లల షీట్లన్నీ కట్టగా తెచ్చి నా బల్ల మీద పెట్టేవారు. ఒక్కొక్కరూ వచ్చి చేరుతుంటే ప్రవేశాల రిజిస్టరులో ఎక్కించి, షీటును ఫైలులో కట్టేవాణ్ణి. ఆగస్టు వచ్చేసరికి కట్టలో ఇంకా కొన్ని మిగిలి ఉండేవి. షీట్లు వచ్చేవి, పిల్లలు వచ్చేవారు కాదు. మిగిలినవాటిలో ఆడపిల్లలవే ఎక్కువ. పేటలో ఉన్న బడి ఇంటి పక్కనే, మా పాఠశాలకు మాత్రం పెద్ద రోడ్డు దాటాలి. పొద్దున్నే తల్లి హార్బరుకు చేపల కోసం వెళితే చంటిపిల్లాణ్ణి ఎత్తుకునేది ఆ పిల్లే.

2009 విద్యా హక్కు చట్టం వచ్చాక టీసీ లేదని ప్రవేశం ఆపకూడదన్నారు. మంచి మాటే. కానీ మా దగ్గర కాగితం ఎప్పుడూ ఉండేది. నేను రిటైరయ్యాక, 2022లో, 117వ నంబరు జీవోతో చాలా చోట్ల 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలల్లో కలిపారు. ఐదు దగ్గర గుమ్మం తీసేశారు కదా అని మొదట సంబరపడ్డాను. తీరా చూస్తే దాన్ని రెండు దగ్గరికి జరిపారు, ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటాలి. 2025లో ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు.

2011లో ఒక అమ్మాయి మా ఆఫీసుకు వచ్చింది. అంగన్‌వాడీలో ఆయా పోస్టు పడిందట, ఏడో తరగతి పాసైనట్టు కాగితం కావాలంది. రిజిస్టరులో ఎంత వెతికినా పేరు దొరకలేదు. ఏ ఏడాదో అడిగి, పాత కట్టలు దించి చూస్తే ఆమె రికార్డు షీటు కనిపించింది. అంచులు చెదపురుగులు తిన్నాయి కానీ అక్షరాలు చెక్కుచెదరలేదు. ఐదు పాసు, ఆరో తరగతికి అర్హురాలు. ఏడు పాసైనట్టు నేను రాసివ్వలేనన్నాను. సార్వత్రిక విద్యాపీఠంలో, అంటే ఓపెన్ స్కూల్లో, ఏకంగా పదో తరగతికే కట్టవచ్చని చెప్పాను.

"దానికి టీసీ అడుగుతారా బాబూ?" అంది.

చేతిలో ఉన్న ఆ షీటే చాలన్నాను.