అంకుడు కర్రతో ఎస్‌ఎల్‌వీ-3

మా హాల్లో టీవీ పక్కన ఒక రాకెట్ నిలబడి ఉంది. ఎత్తు 94.6 సెంటీమీటర్లు. రంగు ఇంకా పూర్తి కాలేదు, రెక్కల దగ్గర బూడిదరంగు ప్రైమర్ కనిపిస్తూనే ఉంది, అయినా ఇంటికి వచ్చినవాళ్ళు ముందు దాని దగ్గరికే వెళ్తున్నారు, వెళ్ళి ‘పీఎస్‌ఎల్‌వీనా?’ అని అడుగుతున్నారు. కాదండీ, ఎస్‌ఎల్‌వీ-3. 1980 జులై 18న శ్రీహరికోట నుంచి 35 కిలోల రోహిణి ఉపగ్రహాన్ని తీసుకెళ్ళి కక్ష్యలో పెట్టింది ఈ రకం రాకెట్టే. అసలుది 22.7 మీటర్లు, 17 టన్నులు, నాలుగు దశలు, నాలుగింట్లోనూ ఘన ఇంధనమే. నాది అందులో 24వ వంతు. దీని గురించి రాయమని ఇద్దరు ముగ్గురు అడిగారు, నాకూ రాయాలనే ఉంది, ఈ రెండేళ్ళలో నేర్చుకున్నది ఎక్కడో ఒక చోట పెట్టకపోతే మర్చిపోతాను.

మొదట్లో నేను కూడా కిట్లు కొని అతికించేవాణ్ణి. మొదటి పెద్ద మోడల్ సాటర్న్ 5, మనుషుల్ని చంద్రుడి దగ్గరికి తీసుకెళ్ళిన అమెరికా రాకెట్, 1/144 స్కేల్. 110.6 మీటర్ల రాకెట్ ఆ స్కేల్లో 77 సెంటీమీటర్లకి వస్తుంది. పెట్టె మీద బొమ్మ ఎలా ఉందో అలాగే నల్లరంగు వేశాను, టేపు పెట్టి, అంచులు కత్తిరించినట్టు వచ్చేదాకా మూడు వారాలు కష్టపడ్డాను. తర్వాత ఒకరోజు అపోలో 11 ఎగిరిన ఫొటో పక్కన పెట్టుకుని చూస్తే, మొదటి దశలో కిరోసిన్ ట్యాంకుకీ ఆక్సిజన్ ట్యాంకుకీ మధ్య ఉండే భాగం ఫొటోలో తెల్లగా ఉంది, నా దాంట్లో నల్లగా ఉంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వెతగ్గా వెతగ్గా తెలిసింది, ఆ నలుపు 500-ఎఫ్ అనే రాకెట్‌ది. 1966లో లాంచ్ ప్యాడ్ ఏర్పాట్లన్నీ సరిపోతున్నాయా లేదా అని చూడ్డానికి నిలబెట్టిన నమూనా అది, ఎగరడానికి చేసింది కాదు. అక్కడ నల్లరంగు ఉంటే ఎండకి లోపల వేడి పెరిగిపోతోందని ఎగిరే రాకెట్లకి ఆ భాగంలో తెలుపు వేశారు. కిట్ చేసినవాళ్ళు మాత్రం నమూనా ఫొటోలు పట్టుకుని పెట్టె బొమ్మ గీయించేశారు.

అప్పటిదాకా రంగు అంటే అందం కోసం అనుకునేవాణ్ణి. ఆ రోజు నుంచి ఏ మోడల్ మొదలుపెట్టినా ముందు ఒకటే అడుగుతాను: ఇది ఏ రోజుది? సాటర్న్ 5 అని ఊరికే అంటే కుదరదు, ఏ తేదీన ప్యాడ్ మీద నిలబడిన సాటర్న్ అనేది తేల్చుకోవాలి. అపోలో 11లో చంద్రుడి మీద దిగిన వాహనం ఈగిల్ చేసినప్పుడు కూడా ఇదే. దానికి కాళ్ళు నాలుగు, పాదాల కింద నేలని తాకగానే కాక్‌పిట్‌లో లైటు వెలిగించే పొడవాటి కడ్డీలు మాత్రం మూడే. నిచ్చెన ఉన్న కాలికి తీసేశారు, దిగే మనిషికి అడ్డం రాకూడదని. నాలుగు కాళ్ళకీ కడ్డీలు పెట్టిన ఈగిల్ మోడల్స్ ఎన్ని చూశానో! ఆ బంగారు రంగు రేకు కూడా బంగారం కాదు, కాప్టన్ అనే తేనెరంగు ప్లాస్టిక్ పొర, వెనక అల్యూమినియం పూత. చాక్లెట్ రేపర్లు వాడి చూశాను, మరీ మెరుస్తాయి. చివరికి ఇక్కడ వైజాగ్‌లో జగదాంబ సెంటర్ దగ్గర ఒక మొబైల్ రిపేర్ షాపులో కనపడింది, వాళ్ళు హీట్ టేప్ అంటారు, టంకం వేసేటప్పుడు పక్క భాగాలు కాలిపోకుండా అతికిస్తారు. అదీ కాప్టనే! చంద్రుడి మీద ఉన్నదీ మన సెల్‌ఫోన్ కుర్రాడి టేబుల్ మీద ఉన్నదీ ఒకే పదార్థం. వంటింటి అల్యూమినియం ఫాయిల్ నలిపి, మళ్ళీ సాపు చేసి, దాని మీద ఈ టేపు అతికిస్తే అచ్చం ఫొటోలో ఉన్నట్టే వస్తుంది. ఎవరైనా చేస్తుంటే ఇది తప్పకుండా ప్రయత్నించండి.

ఆ సాటర్న్ ఇప్పుడు లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు బాల్కనీ తలుపు అద్దం పగిలి లోపలికి వచ్చింది, దాంతో పాటే మోడల్స్ ఉన్న షెల్ఫూ పడిపోయింది. ఆ రోజు వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, మోడల్ గురించి బాధపడే సమయం కాదది. చాలా రోజుల తర్వాత, కరెంటొచ్చి, చెట్లు తీసేసి, అన్నీ సర్దుకున్నాక, ఈగిల్ కాలు ఒకటి సోఫా కింద దొరికింది. దాచుకున్నాను.

ఎస్‌ఎల్‌వీ-3కి షాపులో నాకు కిట్ దొరకలేదు. మొదట పీవీసీ పైపులతో చేద్దామనుకున్నాను కానీ కొలతలు కుదరవు. మొదటి దశ వ్యాసం 1 మీటరు, నా స్కేల్లో 41.7 మిల్లీమీటర్లు. రెండోది 0.8 మీటరు, అంటే 33.3. మూడోది 0.815 మీటరు, అంటే 34. చూశారా, పైకి వెళ్ళేకొద్దీ సన్నబడాలి కదా అనుకుంటాం, ఇక్కడ మూడో దశ రెండోదానికంటే కాస్త లావు. మొదటి రెండు దశల మోటార్లు ఉక్కువి, పైన ఉన్నవి ఫైబర్ గాజు, రెసిన్ కలిపి చుట్టినవి. ఆ తేడా అసలు రాకెట్ మీద 15 మిల్లీమీటర్లు, నా మోడల్ మీద 0.6. ఒక్కో పక్కకి 0.3 మాత్రమే. కంటికి దాదాపు కనపడదు. అయినా ఉండాలి. ఉంటేనే అది ఎస్‌ఎల్‌వీ-3, లేకపోతే ఇంకేదో తెల్ల గొట్టం.

మా నాన్న షిప్‌యార్డ్‌లో ప్యాటర్న్ మేకర్‌గా చేసి రిటైరయ్యారు. ఇనుము పోత పోయడానికి ముందు అదే ఆకారాన్ని చెక్కతో చేసేవాళ్ళు. గుండ్రంగా, సన్నగా, కొలతకి రావాలంటే కర్రే మేలు, లేత్ మీద తిప్పించు అన్నారు. ఏ కర్ర అంటే ఇద్దరం ఒకేసారి అంకుడు అన్నాం. ఈ జిల్లాలో పుట్టినవాళ్ళ ఇళ్ళల్లో ఏటికొప్పాక లక్కపిడతలు లేకుండా ఉంటాయా? అంకుడు కర్ర తేలిక, నార కనపడనంత సన్నం, ఉలి పెడితే చీలకుండా వెన్నలా వస్తుంది.

ఒక ఆదివారం పొద్దున్నే బయల్దేరి, ఎలమంచిలి దాటాక హైవే దిగి, వరాహ నది వైపు, ఏటికొప్పాక వెళ్ళాం. అక్కడ ఒక పెద్దాయన, ముప్ఫై నలభై ఏళ్ళుగా బొమ్మలు చేస్తున్నాయన, నా డ్రాయింగ్ చూసి కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “బాబూ, రాకెట్ అంటే తిప్పేస్తాను గానీ ఈ పాయింట్లు ఏంటి, ముప్ఫై మూడు పాయింట్ మూడు, ముప్ఫై నాలుగు? బొమ్మకి ఇంత లెక్కా?” అన్నాడు. నేను చెప్పబోతుంటే నాన్న అందుకుని, “బొమ్మ కాదు గురూ, నమూనా,” అన్నారు. ఆ మాట ఆయనకి ఎలా అర్థమైందో తెలీదు, సన్నటి కొలతలు తీసే వెర్నియర్ తీసుకుని నిలబడ్డాడు. ఒక్కో ముక్క తిప్పడం, ఆపడం, కొలవడం, మళ్ళీ ఒక్క వెంట్రుకంత తీయడం. మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు. అయిపోయాక లక్క వేస్తానన్నాడు. తిరుగుతున్న కర్రకి లక్క కడ్డీ ఆనిస్తే ఆ రాపిడి వేడికే కరిగి అంటుకుంటుంది, తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరిపిస్తారు. నేను వద్దన్నాను, నేను వేసే రంగు సరిగ్గా పట్టదేమోనని. “మీ ఇష్టం బాబూ, కానీ కర్రకి బట్ట కట్టకుండా పంపుతున్నారు,” అన్నాడు.

ఆయన అన్నదే నిజమైంది. ఆగస్టు వచ్చేసరికి ముక్కలు తడి పీల్చుకున్నాయి. సముద్రం ఇంత దగ్గరున్న ఊళ్ళో తడి లేని గాలి ఎక్కడుంది? మళ్ళీ కొలిస్తే రెండో దశ ఒక వైపు 33.3 ఉంది, అడ్డంగా తిప్పి కొలిస్తే 33.8. గుండ్రం పోయి కోడిగుడ్డు ఆకారం వచ్చింది. నేను అంతగా పట్టుబట్టిన 0.6 తేడాని వానాకాలం మింగేసింది. నాన్న చూసి, షిప్‌యార్డ్‌లో ప్యాటర్న్ తయారవగానే అదే రోజు లక్క పాలిష్ పట్టించకపోతే ఫోర్‌మన్ ఊరుకునేవాడు కాదని చెప్పారు. ముందే ఎందుకు చెప్పలేదు నాన్నా అంటే, పెద్దాయన చెప్పాడు కదా, నువ్వు వింటావనుకున్నాను అన్నారు.

మళ్ళీ వెళ్ళాం. ఈసారి ఏడాది పైన ఆరబెట్టిన కర్ర తీసి, అన్ని ముక్కలూ కొత్తగా తిప్పి, లోపల బయట పల్చగా రంగులేని లక్క పట్టించాడు. ఇప్పటికి రెండు వానాకాలాలు అయ్యాయి, కొలత కదల్లేదు. నేను భయపడిన సమస్య అసలు లేదు, లక్క మీద ప్రైమర్ గట్టిగా పడుతుంది. ఒక్కటే జాగ్రత్త, స్పిరిట్‌తో పలచన చేసే రంగులు వాడకూడదు, లక్క స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఇంకొకటి, ముక్కల మధ్య అతుకులకి పుట్టీ పెట్టి ఎమ్రీ పేపరుతో రుద్దుతాం కదా, అక్కడ చెయ్యి ఆగదు, నున్నగా చేసేద్దామనిపిస్తుంది. రెండు, మూడు దశల మధ్య అలా చేస్తే ఆ 0.3 మెట్టు పోతుంది. అందుకే అక్కడ రెండు వైపులా టేపు చుట్టి, సందులో మాత్రమే అగ్గిపుల్లతో పుట్టీ పెట్టాను.

రెక్కల దగ్గర ఎక్కువ కాలం పట్టింది. మొదటి దశ అడుగున నాలుగు రెక్కలు. చాలామంది వాటిని ఒకే పలకగా కోసి అతికిస్తారు. నిజానికి రెక్కల చివరి భాగం వేరుగా తిరుగుతుంది, పడవకి చుక్కానిలాగా. దాంతో పాటు మంట బయటికొచ్చే నాజిల్ లోపలికి పక్కనుంచి ద్రవం చిమ్మి మంట దిశ మార్చే ఏర్పాటు కూడా ఉంది, అది బయటికి కనపడదు. రెక్క కొస మాత్రం కనపడుతుంది, అది కదిలేదని తెలియాలి. అర మిల్లీమీటరు ప్లాస్టిక్ షీటు మూడు పొరలు అతికించి, కొసలు వేరుగా కోసి, లోపల గుండుసూది పెట్టి నిలబెట్టాను. సందు ఒక బ్లేడు మందం. మా అమ్మాయి వేలితో తిప్పి చూసి తిరుగుతోంది నాన్నా అంది. తిరగాలి కూడా.

పాత ఫొటోల విషయం కూడా చెప్పాలి. ఆ కాలం కలర్ ఫొటోలు ఎర్రబడిపోయి ఉంటాయి, తెలుపు గులాబీలా కనిపిస్తుంది. రంగు కోసం వాటిని నమ్మకుండా, కొలత కోసం వాడుకుంటాను. మొదటి దశ వ్యాసం 1 మీటరు అని తెలుసు కాబట్టి, దూరం నుంచి నిటారుగా తీసిన ఫొటోలో ఆ వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో కొలిస్తే, మిగతా పట్టీలు, తలుపులు, అతుకులు ఎక్కడున్నాయో లెక్క కట్టొచ్చు. దగ్గర నుంచి కిందనుంచి పైకి తీసినవి పనికిరావు, పై భాగం కుంచించుకుపోతుంది. ఏ వివరమైనా కనీసం రెండు ఫొటోల్లో కనపడితేనే మోడల్ మీద పెడతాను.

ఇంతకీ ఏ రోజుది అంటారా? 1980 జులై 18 అనుకుంటారు అందరూ. నాది 1979 ఆగస్టు 10. మొదటి ప్రయోగం, అది కక్ష్యకి చేరలేదు. రెండో దశని అదుపు చేసే వ్యవస్థలో వాల్వు సరిగ్గా మూసుకోక నైట్రిక్ యాసిడ్ కారిపోయింది, రాకెట్ అదుపు తప్పి, బయల్దేరిన 317 సెకన్లకి శ్రీహరికోటకి 560 కిలోమీటర్ల దూరంలో బంగాళాఖాతంలో పడింది. కలాం గారు ప్రాజెక్ట్ డైరెక్టర్. ఏడాది తిరక్కుండానే గెలిచింది, ఆ కథ అందరికీ తెలుసు, దానికి మోడల్స్ చేసేవాళ్ళు ఉంటారు. పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తుంటే నాకు గుర్తొచ్చేది మాత్రం మొదటిదే. ఆ ఉక్కూ ఆ ఫైబరూ ఈ సముద్రంలోనే కదా ఉన్నాయి. దాన్ని చేసినవాళ్ళు కూడా అదే శ్రద్ధతో చేశారు, ప్రతి బోల్టూ బిగించారు, కొలిచారు. ఆ రోజు పొద్దున ప్యాడ్ మీద అది ఎలా నిలబడిందో అలా ఒక్కటైనా ఎక్కడో ఉండాలనిపించింది. కింద పీట మీద తేదీ కూడా అదే రాయిస్తున్నాను.

రంగు సంగతికొస్తే, వైజాగ్‌లో స్ప్రే చేయడం ఒక పెద్ద టెన్షన్. గాలిలో తడి ఎక్కువున్నప్పుడు కొడితే ఆరేలోపు పైన పాలలాంటి మసక పట్టేస్తుంది, మళ్ళీ మొత్తం రుద్దాలి. నాకు కుదిరింది డిసెంబర్, జనవరి నెలల్లో, పదకొండు గంటల తర్వాత, ఎండ బాగా ఎక్కాక. కంప్రెసర్‌కి తడి పట్టే సీసా తప్పనిసరి, గంటకోసారి విప్పితే అందులో చెంచాడు నీళ్ళు ఉంటాయి. తెలుపు కూడా స్వచ్ఛమైన తెలుపు వద్దు, ఇంత చిన్న వస్తువు మీద అది సున్నంలా కొడుతుంది, ఒక్క చుక్క బూడిదరంగు కలపండి. పల్చగా ఐదారు పూతలు. లావుగా రెండు పూతలు కొడితే ఆ 0.3 మళ్ళీ పోతుంది.

ఇప్పటికి మూడు పూతలయ్యాయి. బంగాళాఖాతంలో అల్పపీడనం అంటున్నారు, నిన్నటి నుంచి కిటికీ అద్దాల మీద తేమ పడుతోంది. కంప్రెసర్ మీద పాత లుంగీ కప్పి, మోడల్‌కి పాలిథిన్ తొడిగి, అడుగున సిలికా జెల్ పొట్లాలు పెట్టాను. ఎండ రాగానే నాలుగో పూత.