కంచం పక్కన ఇన్సులిన్ పెన్ను

పదిహేనేళ్ల మా అబ్బాయికి టైప్ 1 మధుమేహంతో పాటు, ఏకాగ్రతను నిలవనివ్వని ఏడీహెచ్‌డీ అనే సమస్య కూడా ఉంది. నిన్న ఆత్రేయపురంలో బంధువుల ఇంట పూతరేకులు చేతికందగానే, ముందు ఇన్సులిన్ వేసుకోవాలన్న సంగతి మరచి రెండు తినేశాడు. కాసేపటికి గ్లూకోమీటరు రక్తంలో చక్కెర 312 చూపించింది. "మర్చిపోయాను నాన్నా" అన్న వాడి గొంతులో నిర్లక్ష్యం లేదు, భయం ఉంది. ఏకాగ్రత నిలవని పిల్లవాడికి గుర్తుపెట్టుకోవడమే పెద్ద పని అని తెలిసి కూడా ఇన్నాళ్లూ కసురుకున్నందుకు నా మనసు చివుక్కుమంది. ఏడీహెచ్‌డీ మాత్ర వల్ల మధ్యాహ్నం ఆకలి మందగించి అన్నం సగంలో వదిలేస్తే, అప్పటికే వేసుకున్న ఇన్సులిన్‌కు చక్కెర 70 కంటే దిగువకు పడిపోతుందేమోనన్న దిగులు వేరే ఉంది. ఈ రోజు నుంచి ఇన్సులిన్ సూది ఉండే పెన్నును వాడి కంచం పక్కనే పెడుతున్నాను. వాడు సూది వేసుకునే దాకా నేనూ అన్నం కలపడం లేదు.