మనం అన్నావుగా, బిల్లు సగం నీది

అమెరికాలో తెలుగు నేర్పే యూనివర్సిటీలు తక్కువే. అలాంటి ఒకచోట నేను లెక్చరర్ని. క్లాసులో పేర్లు తగ్గితే వచ్చే ఏడాది కోర్సు ఉంటుందా, కోర్సు పోతే నా వీసా సంగతేంటి అని ప్రతి ఆగస్టులోనూ టెన్షనే. వ్యాకరణంలోకి ఆటలు తెచ్చింది సగం అందుకే, దాచడమెందుకు?

ఇక్కడ భాషలు చెప్పేవాళ్లు చాలామంది వాడేది కహూట్. నార్వేలో పుట్టిన ఆన్‌లైన్ క్విజ్ అది. సరైన జవాబు ఎంత త్వరగా నొక్కితే అంత ఎక్కువ పాయింట్లు. మా క్లాసులో సగంమంది ఇక్కడే పుట్టిన తెలుగు పిల్లలు. ఇంట్లో విన్న మాట చెవిలో ఉంటుంది కాబట్టి ప్రశ్న పూర్తిగా చదవకుండానే నొక్కేస్తారు. పరిశోధన కోసం తెలుగు మొదలుపెట్టిన అమెరికన్ కుర్రాడు 'ఆమె వచ్చింది', 'కుక్క వచ్చింది' రెండింటికీ క్రియ ఒకటే ఎందుకయిందా అని ఆలోచించేలోపు టైమ్ అయిపోతుంది. పైగా స్కోర్‌బోర్డులో ఆఖరి పేరు అతనిదే. అందుకే కహూట్‌ని కొత్త పదాల వరకే ఉంచాను.

పాయింట్లు తగిలించినంత మాత్రాన అభ్యాసం ఆట అయిపోదు. తప్పు పలికితే ఆటలోనే నష్టం రావాలి. మా 'మేము-మనం' ఆట అలాంటిది. ఇద్దరిద్దరు ఒక జట్టు. చీటీల్లో కొన్ని లాభాలు, కొన్ని ఖర్చులు. బిర్యానీ చీటీ వస్తే 'మేము బిర్యానీ తింటాం' అనాలి. 'మనం' అని నోరు జారితే ఎదుటి జట్టుకు సగం వాటా. కరెంటు బిల్లు వస్తే తిరకాసు. 'మనం బిల్లు కడదాం' అని మెత్తగా అనాలి, అవతలివాళ్లు పరధ్యానంగా 'సరే' అంటే సగం వాళ్ల నెత్తిన పడుతుంది. మెలకువగా ఉన్నవాళ్లు 'మీరే కట్టుకోండి' అంటారు. మర్యాదకూ వాడే బహువచన రూపం నేను విడిగా చెప్పక్కర్లేకుండా అక్కడే వచ్చేసింది. ఇందులో ఎక్కువగా దొరికిపోయేది తెలుగిళ్ల పిల్లలే, అలవాటుకొద్దీ 'సరే' అనేస్తారు. ఆ అమెరికన్ కుర్రాడు మాత్రం ప్రతి మాటా విడదీసుకుని శ్రద్ధగా వింటాడు కాబట్టి అతన్ని బోల్తా కొట్టించడం కష్టం.

భూతకాలానికి ఏ ఆటా కుదరలేదు. వచ్చాను, వచ్చావు, వచ్చాడు అంటూ బోర్డు మీద రాసి వల్లె వేయిస్తున్నాను.