మహేంద్రగిరి మీద మూడు రోజుల మౌనం, ఒక వేలిముద్ర

నిన్న సాయంత్రం కొండ దిగి ఇల్లు చేరాను. మోకాళ్ళకు మా ఆవిడ ఆముదం కాచి రాస్తోంది. కుడి బొటనవేలి గోరు చుట్టూ నీలం సిరా ఇంకా పూర్తిగా వదల్లేదు. దానికి ఆముదం పనిచేయదు గనక ఇది రాస్తున్నాను.

మాది పర్లాకిమిడి. ముప్పై ఎనిమిదేళ్ళుగా బట్టల కొట్టు నడుపుతున్నాను. చిట్టా, ఆవర్జా అంతా నా చేత్తో, తెలుగులోనే. మా ఆవర్జాలో కొట్టివేత చూపించినవాడికి పట్టుపంచె పెడతానని పందెం కాస్తుంటాను, ఇంతవరకూ ఎవరూ పట్టుకెళ్ళలేదు. ఒడియా గడగడా మాట్లాడతాను. కొండల మీంచి దిగే సవరలతో బేరం వాళ్ళ మాటలోనే ఆడతాను. ఒడియా రాయడం, చదవడం మాత్రం రాదు. తెలుగు బడిలో చదువుకున్నవాణ్ణి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్ళిపోయింది, పక్కనున్న పాతపట్నం మద్రాసు వైపు ఉండిపోయింది. అమ్మవారికి మొక్కుకోవాలంటే నీలమణి దుర్గమ్మ గుడికి రాష్ట్రం దాటి వెళ్తాం, ఇంటిపన్ను కట్టాలంటే ఇటు కడతాం.

పలాస వైపు ఓ చిన్న సత్సంగం వాళ్ళు మార్గశిర త్రయోదశి నుంచి పౌర్ణమి దాకా మా ఒడిశా వైపున్న మహేంద్రగిరి కొండ మీద మౌనదీక్ష పెడుతున్నారని తెలిసి ఫోన్ చేశాను. మనిషికి రెండు వేలు, ఒక కంబళి, ఒక చెంబు. అయిపోయింది.

ఆ తిథులు ఎందుకు పెట్టారో చెప్పకపోతే తోచదు. అరణ్యపర్వంలో ధర్మరాజు తమ్ముళ్ళతో మహేంద్రగిరికి వస్తే పరశురాముడు వెంటనే కనబడడు. అష్టమికీ చతుర్దశికే దర్శనమిస్తాడనీ, ఈ రాత్రి గడిస్తే చతుర్దశేననీ అకృతవ్రణుడనే శిష్యుడు చెప్తాడు. ధర్మరాజంతటివాడు ఒక రాత్రి ఆగాడు. నేను ఆగింది పదకొండు రోజులు, అదీ పరశురాముడి కోసం కాదు, ఒక బడబాబు కోసం, అంటే ఆఫీసు పెద్దగుమాస్తా కోసం.

పధ్నాలుగు మందిమి, కొండమీద రెండు రాత్రులు పడుకోవాలి, దానికి అనుమతి కాగితం కావాలన్నారు. సత్సంగం కార్యకర్త కుర్రాడు ఫోన్‌లో "మీరు అక్కడివారే కదా తాతగారూ, ఒక్క సంతకం పని" అన్నాడు. ఒక్క సంతకం పని అని ఎవరైనా అంటే ఆ పని వాళ్ళనే చేసుకోమనండి.

మొదటిసారి ఆ కాగితమిచ్చే ఆఫీసుకు వెళ్తే దొరగారు క్యాంపులో ఉన్నారు. సోమవారం ఏ ఆఫీసుకూ వెళ్ళకూడదని మా నాన్న చెప్పేవాడు, విన్నానా! రెండోసారి తెలుగులో ముత్యాల్లా రాసిన దరఖాస్తు పట్టుకెళ్ళాను. బడబాబు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, చేప పొలుసులున్న కాగితాన్ని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో వెనక్కిచ్చాడు. "ఒడియారె లేఖికి ఆణంతు" అన్నాడు. ఒడియాలో రాసి తెమ్మని. ఇంగ్లీషులో రాయిస్తే పనికిరాదా అంటే, ఇంతసేపూ నాతో ఒడియాలోనే మాట్లాడారుగా, రాయడానికేం నొప్పి అన్నాడు. వెనక వరసలో మా కొట్టుకొచ్చే గిరాకీలే ఇద్దరు. నాకు రాయడం రాదని వాళ్ళ ముందు చెప్పుకోవాల్సి వచ్చింది.

ఇంటికొచ్చి మనవరాలిని కూర్చోబెట్టాను. ఆరో తరగతి, ఒడియా మీడియం. నేను చెప్తుంటే అది రాసింది, గుండ్రంగా, తలకట్టంతా గొడుగుల్లా. "తాతా, తపస్సుకెళ్ళడానికి కూడా లీవ్ లెటరా?" అంది. పూర్వం కళింగనగరం గంగరాజులు రాగిరేకుల మీద దానం చెక్కించాలంటే మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడికి మొక్కి మొదలుపెట్టేవారు. మేము "మహాశయ" అని బడబాబుకు మొక్కి మొదలుపెట్టాం.

మూడోసారి. దరఖాస్తు చూసి చేతిరాత బాగుందన్నాడు. కింద నా సంతకం చూడగానే మొహం మారింది. పైన ఒడియా, కింద తెలుగు, రాసింది మీరేనని ఎలా నమ్మాలి అన్నాడు. రాసింది మనవరాలు, సంతకం నాది, నలభై ఏళ్ళుగా బ్యాంకులో చెల్లుతున్న సంతకం అన్నాను. ఆధార్ చూపించాను. అదంతా తనకు తెలీదట. దొరగారు చదవలేని సంతకం లోపలికి పంపితే తనకు మాటొస్తుందట. "ఒడియాలో సంతకం చెయ్యండి, రాకపోతే టిపచిహ్న వెయ్యండి."

టిపచిహ్న అంటే వేలిముద్ర.

కాసేపు అలాగే నిలబడ్డాను. తిరిగి వచ్చేద్దామనుకున్నాను. అవతల పదమూడు మంది బస్సు టిక్కెట్లు తీసుకుని కూర్చున్నారు. ప్యూను సిరాపెట్టె తెచ్చి, నా బొటనవేలు తనే పట్టుకుని, పసిపిల్లాడికి అ ఆలు దిద్దించినట్టు అటూ ఇటూ దొర్లించి అద్దాడు. తుడుచుకోడానికి గుడ్డ కూడా ఇవ్వలేదు. బట్టల కొట్టువాణ్ణి, గుడ్డ కోసం గోడకేసి చూశాను.

మీరెవరైనా ఇలాంటి కాగితానికి వెళ్తే, ఒడియా రాసే మనిషిని వెంట తీసుకెళ్ళండి, సంతకం కూడా వాళ్ళ చేతే పెట్టించండి. పౌరుషం ఇంట్లో పెట్టి వెళ్ళండి. మాబోటి ఊళ్ళల్లో ఏ ఇంటికి వెళ్ళినా రెండు మూడు భాషలు వినబడతాయి. ఈ పర్లాకిమిడిలోనే బడిపంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు సవరలకు వాళ్ళ మాటలో చదువు చెప్పాలని సవర నేర్చుకుని, నిఘంటువే రాశారు. ఎవరూ నేర్చుకోమనలేదు ఆయన్ని. సరే, ఈ సోది ఆపుతాను, బీపీ పెరుగుతుంది.

ప్రయాణం తేలికే. జీపులో కోయిన్‌పూర్ చేరి, టిఫిను తిన్నాం. టీ అయ్యాక గురువుగారు "నారాయణ" అన్నారు. అక్కణ్ణుంచి పౌర్ణమి మధ్యాహ్నం దాకా ఆయన తప్ప ఎవరూ నోరెత్తకూడదు.

ఇంతా చేస్తే అసలు బాధ ఇక్కడ మొదలైంది. కొండ మొదట్లో కాగితం చూసే కుర్రాడు ఆపాడు. సవర కుర్రాడు, తెలుగు బాగా వచ్చు. కాగితం చదివి, తలెత్తి, జీపుల్లోకి వినబడేలా "వేలిముద్ర పెద్దాయన ఎవరండీ?" అన్నాడు. చెయ్యెత్తాను. అందరూ నావైపు తిరిగారు. పాపం చదువుకోలేదన్నమాట అన్న జాలి ఒక్కో మొహంలోనూ వరసగా వెలిగింది. చెప్పడానికి వీల్లేదు, మౌనం! ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకుని "పైన చలి తాతా, చెవులకు గుడ్డ కట్టుకో" అన్నాడు. మంచివాడే.

ఆ సాయంత్రం కుంతి గుడి దగ్గర స్తోత్రాల కాగితాలు పంచారు. చక్కటి పెద్దక్షరాల తెలుగు. పలాస కుర్రాడు వరసగా ఇచ్చుకుంటూ వచ్చి, నా దగ్గరకు రాగానే కాగితం వెనక్కి తీసుకుని, నమస్కారం పెట్టి, పక్కావిడకు ఇచ్చేశాడు. నేను చెయ్యి చాచాను. ప్రసాదం అడుగుతున్నాననుకుని అరటిపండు పెట్టాడు. పక్కావిడ కాగితం నేను వంగి చూస్తుంటే, ఆవిడ మహా దయగా ఒక్కో అక్షరం కింద వేలు పెట్టి నాకు చూపించడం మొదలుపెట్టింది. "శ్రీ" దగ్గర మరీ ఎక్కువసేపు ఆగింది.

మనసులో జపం చేసుకోమన్నారు గురువుగారు. నా మనసులో బడబాబు తప్ప వేరే దేవుడు లేడు. మాల తిప్పుతుంటే ప్రతి పూసకూ ఆ నీలం వేలే కనబడేది.

కొండ గురించి చెప్పాలంటే, 1,501 మీటర్ల ఎత్తు. మార్గశిరంలో పొద్దున పది దాకా మంచు దుప్పటి తియ్యదు. మేజోళ్ళు రెండు జతలు వేసుకున్నా నాకు కాళ్ళు తెలియలేదు. ధర్మరాజు గుడి, కుంతి గుడి కంటే శిఖరం మీది భీముడి గుడి తీరు వేరు. చిన్నదే, కానీ ఆ రాళ్ళ సైజు చూస్తే భీముడే పేర్చాడనడం తప్పనిపించదు. మబ్బు లేకపోతే అక్కణ్ణుంచి సముద్రం కనబడుతుందంటారు, నాకు నా కంబళి కొస కూడా కనబడలేదు. శివరాత్రికైతే రెండు రాష్ట్రాల జనం కిక్కిరిసిపోతారు, ధ్యానం కావాలనుకునేవాళ్ళు అప్పుడు వెళ్ళకండి.

గురువుగారు రెండోరోజు చోళుల శాసనం గురించి చెప్పారు. రాజేంద్ర చోళుడి విజయం, తమిళంలోనూ సంస్కృతంలోనూ చెక్కి, పులినీ రెండు చేపలనూ ముద్రగా వేసి వెళ్ళారట. అంత దూరం నుంచి వచ్చి, వాళ్ళ భాషలో రాసుకుని, వాళ్ళ ముద్రే వేసుకుని వెళ్ళారు. నా మొహంలో ఏం కనబడిందో గాని, గురువుగారు నా వైపు తిరిగి "శాసనం అంటే రాతిమీద రాసిన రాత అన్నమాట నాయనా" అని విడమరచి చెప్పారు.

చతుర్దశి రాత్రి మాత్రం వేరు. గాలి ఆగిపోయింది. మంచు విడిచి, వెన్నెల్లో భీముడి గుడి తెల్లగా తేలింది. పధ్నాలుగు మందిమి రాళ్ళ మీద కూర్చున్నాం. ఎవరికి ఎవరు కనబడ్డారో నాకు తెలీదు. ఓ గంటసేపు నాకు బడబాబు కనబడలేదు, అంతవరకు చెప్పగలను. తర్వాత చలికి లేచి వెళ్ళిపోయాను.

పౌర్ణమి మధ్యాహ్నం కోయిన్‌పూర్‌లో, బయల్దేరిన ఆ టీకొట్టు దగ్గరే మౌనం విడిచాం. అందరూ ఒక్కసారి మాట్లాడేస్తున్నారు. పలాస కుర్రాడు అనుభవాల పుస్తకం పట్టుకుని ఒక్కొక్కరి చేతా నాలుగు ముక్కలు రాయిస్తున్నాడు. నా దగ్గరకొచ్చి, బల్ల మీద కూర్చుని, కలం మూత తీసి, "మీరు చెప్పండి తాతగారూ, నేను రాసుకుంటాను" అన్నాడు.

వాడి చేతిలోంచి కలం తీసుకున్నాను. రెండోరోజు ఉప్మాలో ఉప్పు లేదని మొదలుపెట్టి పేజీన్నర రాశాను, కొట్టివేత లేకుండా. కింద సంతకం పెట్టాను.