ఫీల్డ్‌వర్క్ అంటే సగం సదరమే

ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్‌లో పీజీ) మొదటి ఏడాది ఫీల్డ్‌వర్క్‌కి నన్ను విశాఖలోనే, వైకల్యం ఉన్న పిల్లల కోసం పనిచేసే ఒక చిన్న సంస్థలో వేశారు. వారానికి రెండు రోజులు అక్కడ, మిగతావి క్లాసులు. మా బ్యాచ్‌లో చాలామంది హాస్పిటలో, కంపెనీ హెచ్‌ఆరో కావాలని సార్ చుట్టూ తిరిగారు. నేను తిరగలేదు, తిరిగినా మారుస్తారన్న నమ్మకం లేదులెండి.

కేస్‌వర్క్‌లో, అంటే ఒక్కో మనిషితో విడిగా చేసే పనిలో, నాలుగు పీలు (పర్సన్, ప్రాబ్లమ్, ప్లేస్, ప్రాసెస్) బట్టీ పట్టి వెళ్తే, అక్కడి మేడమ్ నన్ను వరండాలో ఫైళ్ల బీరువా పక్కన కూర్చోబెట్టారు. లోపల థెరపీ జరుగుతుంటే తల్లులు ఎదురుచూసేది ఆ వరండాలోనే. ఒక్కో ఫైలులో ఆధార్, రేషన్ కార్డు, అన్నిటికంటే పైన సదరం సర్టిఫికెట్, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు చూసి ఇచ్చే ప్రభుత్వ పత్రం. దాని మీద పర్సంటేజీ 40 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే పెన్షన్‌కి అర్హత, లేకపోతే లేదు. మన రాష్ట్రంలో ఆ పెన్షన్ 2024 నుంచి నెలకి 6,000. అద్దె ఇంట్లో ఉంటూ, పిల్లాణ్ణి చూసుకోవడానికి పని మానేసిన అమ్మకి అదెంత పెద్ద మొత్తమో వేరే చెప్పక్కర్లేదు.

1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, 2016 చట్టంలో 21 అయ్యాయి, ఆటిజం కూడా అందులో చేరింది. పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. వరండాలో మాత్రం కథ వేరు. ఒకావిడ కొడుకు ఇంట్లో తల గోడకేసి కొట్టుకుంటాడు, రాత్రిళ్లు నిద్రపోడు. సచివాలయంలో స్లాట్ బుక్ చేసుకొని, తెల్లారకముందే బయల్దేరి సదరం క్యాంపుకి తీసుకెళ్తే, ఆ రోజు డాక్టర్ ముందు బుద్ధిగా కూర్చున్నాడట. "ఒక్కసారి అల్లరి చేయరా నాయనా అని దండం పెట్టుకున్నానమ్మా" అని చెప్పి నవ్వేసింది. నాకు నవ్వు రాలేదు. రోజూ వాడు నెమ్మదించాలని మొక్కే మనిషి ఆ ఒక్క పూట రివర్స్‌లో మొక్కుకోవాల్సి రావడం ఏం న్యాయం? 2025లో రీవెరిఫికేషన్ నోటీసులు, అంటే వైకల్యాన్ని మళ్లీ పరీక్షిస్తామని, వచ్చినప్పటి నుంచి అందరిదీ ఒకటే టెన్షన్, "మళ్లీ పిలుస్తారా అమ్మా?" అని.

పేపర్ పని క్లర్కులది, మనది కౌన్సెలింగ్ అని మా క్లాసులో ఒక చిన్నచూపు ఉంది. నాకైతే ఇప్పుడు అది వట్టి గొప్పలకు పోవడంలా అనిపిస్తోంది. నిరామయ అని నేషనల్ ట్రస్ట్ వాళ్ల ఆరోగ్య బీమా ఉంది, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ లాంటివి ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష రూపాయల వరకు, థెరపీ ఖర్చులు కూడా వస్తాయి. నేను అడిగిన తల్లుల్లో ఎక్కువమంది దాని పేరే వినలేదు. కూతురికి 18 నిండాక చట్టప్రకారం తల్లి ఆటోమేటిక్‌గా గార్డియన్ అయిపోదని, కలెక్టర్ ఆధ్వర్యంలోని కమిటీకి దరఖాస్తు పెట్టాలని చెబితే ఒకావిడకి కోపమే వచ్చింది, "కన్నది నేను, వాళ్లెవరు చెప్పడానికి?" అని.

మేడమ్ పెట్టిన రూల్ ఒకటే: ముందు మనిషితో మాట్లాడు, తర్వాతే వాళ్లమ్మతో. సెరిబ్రల్ పాల్సీ ఉన్న ఒక అబ్బాయి, ఇరవై దాటాయి, ఒక్కో మాటకి చాలాసేపు పడుతుంది. మధ్యలో వాళ్లమ్మ అందుకోబోతే మేడమ్ చేత్తో ఆపారు. చివరికి అతను అన్నది, "ఒకటో తారీకు... పెన్షన్... నా చేతికి... ఇవ్వమనండి." వాళ్లమ్మ ఆశ్చర్యపోయి, "ఏం చేసుకుంటావురా?" అంటే ఫోన్ రీఛార్జ్ అట. తన డేటా అయిపోతే ఎవరూ పట్టించుకోవట్లేదట!

అదంతా ఉన్నదున్నట్టు ప్రాసెస్ రికార్డింగ్‌లో, అంటే ఎవరేం మాట్లాడారో వివరంగా రాసే రిపోర్టులో, రాసిస్తే, కాలేజీలో సార్ ఎర్ర ఇంకుతో "ఇందులో నీ ఇంటర్వెన్షన్ ఎక్కడ?" అని, అంటే నేను చేసిందేంటని, రాసి తిరిగిచ్చారు. ఆగి విన్నాను సార్, అని రాద్దామనుకుంటున్నా, మార్కులు తగ్గిస్తారేమో. ఈలోపు ఆ గార్డియన్‌షిప్ దరఖాస్తుకి పేపర్లు జత చేయాలి, కోపం తగ్గి ఆవిడే ఫోన్ చేసింది.