కనిపించకపోతే సున్నా రాయాలి

"అమ్మా, కనిపించకపోతే సున్నా అని రాయాలి. ఖాళీగా వదలకూడదు."

మా అమ్మాయి ఆ మాట అన్నప్పుడు ఉదయం ఆరు కూడా కాలేదు. జూన్ నెల. శాన్‌ఫ్రాన్సిస్కోకు దక్షిణాన, మాస్ బీచ్‌లోని ఫిట్జ్‌జెరాల్డ్ సముద్ర సంరక్షణ ప్రాంతంలో ఉన్నాం. సముద్రం బాగా వెనక్కి తగ్గి, ఎప్పుడూ నీళ్ళ కింద ఉండే రాతి పలకలు బయటపడ్డాయి. తను మోకాళ్ళ మీద కూర్చుని రాళ్ళ మీది జీవులను లెక్కపెడుతోంది, నేను కాగితం మీద అంకెలు వేస్తున్నాను. నక్షత్ర చేపల వరుస దగ్గర తను ఏమీ చెప్పలేదు కనుక దాన్ని అలాగే వదిలి కింది వరుసకు వెళ్ళాను. వెంటనే ఆపింది.

ఖాళీగా ఉంటే ఎవరూ చూడలేదని అర్థమట. సున్నా ఉంటే చూశాం, వెతికాం, లేవు అని అర్థం. ఇరవై ఏళ్ళ తర్వాత ఈ కాగితం చదివేవాళ్ళకు ఆ తేడా ఎలా తెలుస్తుందని అడిగింది. తనకు పన్నెండేళ్ళు.

బయటినుంచి చూస్తే ఇది చిన్న పనే. సముద్రం బాగా వెనక్కి తగ్గిన రోజు రాళ్ళ మీదికి వెళ్ళి, ఒడ్డు నుంచి నీటి వైపు కొలత టేపు పరవాలి. దాని వెంట చదరపు చట్రం పెడుతూ, అందులోని చిన్న గడుల్లో ఏయే జీవులున్నాయో రాయాలి. మళ్ళీ వచ్చినప్పుడు అదే చోట, అదే పద్ధతిలో. కాలిఫోర్నియా తీరంలో లింపెట్స్ అనే కార్యక్రమం కింద బడి పిల్లలు, వాలంటీర్లు ఇలా లెక్కలు తీస్తారు. ఇసుక తీరంలోనైతే ఇసుక పీతలను తవ్వితీసి, కొలిచి, ఆడదో మగదో రాసుకుని వదిలేస్తారు. నీళ్ళు తిరిగి వచ్చేలోగా పనికి దొరికేది సుమారు రెండు గంటలు. ఆ రెండు గంటల్లోనూ సముద్రానికి వీపు పెట్టి నిలబడకూడదు.

నక్షత్ర చేపల విషయంలో అంత పట్టింపు ఎందుకో నాకు తర్వాత అర్థమైంది. 1963లో రాబర్ట్ పెయిన్ అనే శాస్త్రవేత్త వాషింగ్టన్ రాష్ట్ర తీరంలో ఒక రాతి భాగం మీది నుంచి నక్షత్ర చేపలను ఏరివేయడం మొదలుపెట్టాడు. వాటికి ఆహారమైన ఆల్చిప్పలు క్రమంగా రాయంతా ఆక్రమించి, మిగతా జీవులకు చోటు లేకుండా చేశాయి. అంటే ఆ ఒక్క జీవి అక్కడ ఉండటం మీదే తక్కినవెన్నో ఆధారపడి ఉన్నాయి. 2013 నుంచి ఆ పశ్చిమ తీరం పొడవునా నక్షత్ర చేపలకు ఒక జబ్బు పట్టుకుంది. ఒంటిమీద పుండ్లు పడి, చేతులు ఊడి, కొద్ది రోజుల్లోనే ముద్దగా కరిగిపోయేవి. ఇరవై నాలుగు దాకా చేతులుండే పొద్దుతిరుగుడు నక్షత్రమైతే కాలిఫోర్నియాలో దాదాపు కనుమరుగైంది. దాన్ని చంపుతున్నది విబ్రియో పెక్టెనిసిడా అనే బ్యాక్టీరియా అని 2025లో గాని తేలలేదు. ఎన్ని పోయాయో చెప్పాలంటే ముందు ఎన్ని ఉండేవో తెలియాలి. అది తెలిసింది, ఏ జబ్బూ లేని రోజుల్లో కూడా ఓపికగా లెక్కపెట్టి రాసినవాళ్ళ వల్లనే.

గవ్వల దగ్గర మాత్రం నా మనసు చాలాకాలం ఒప్పుకోలేదు. అక్కడి నుంచి ఏదీ తేకూడదు, ఖాళీ గుల్లైనా సరే. నా చిన్నప్పుడు సముద్రానికి వెళ్తే పరికిణీ ఒడి నిండా గవ్వలు ఏరుకునేదాన్ని. ఇంటికి వచ్చాక అమ్మ వాటిని కడిగి గూట్లో పెట్టేది. మా చిన్నవాడికి ఆ సంతోషం దొరకకుండా పోతోందని బాధపడేదాన్ని. ఒకరోజు వాడు నీటి గుంట పక్కన కదలకుండా కూర్చుని, ఖాళీ గుల్లల్లో తలదాచుకునే ఒక సన్యాసి పీత తన పాత గుల్ల వదిలి కొంచెం పెద్దదానిలోకి దూరడం చూశాడు. రెండు గుల్లల మధ్య ఆ మెత్తని ఒళ్ళు బయటపడింది రెప్పపాటు కాలమే. వాడు ఊపిరి బిగపట్టాడు. గవ్వలు నేను ఒడినిండా తెచ్చుకున్నాను గాని, ఆ దృశ్యం మాత్రం నా చిన్నతనంలో ఎన్నడూ చూడలేదు. ఆ నియమం మంచిదని ఇప్పుడు నేనే నలుగురికీ చెబుతున్నాను.

సున్నా మాట విన్న ఆ రోజు రాత్రే మా అమ్మకు ఫోను చేశాం. "పద్యాలు ఎన్ని వచ్చాయి తల్లీ?" అని ఎప్పటిలాగే అడిగింది. ఆ ప్రశ్నకు ఎప్పుడూ నేనే అడ్డుపడి, "వస్తున్నాయమ్మా, నాలుగైదు వచ్చాయి" అంటుంటాను. ఈసారి నేను నోరు తెరిచేలోపే అమ్మాయి చెప్పేసింది.

"సున్నా, అమ్మమ్మా."

తర్వాత తనకు వచ్చిన తెలుగులోనే, మాట మాటకూ ఆగుతూ, వెతికి లేకపోతే సున్నా అనే రాయాలని వివరించింది. నా గొంతు పట్టేసింది. ఇన్నేళ్ళూ అమ్మకు చెప్పిన అంకెలన్నీ నేను కోరుకున్నవి, పిల్లలకు వచ్చినవి కావు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. నొచ్చుకుందేమో అనుకున్నాను.

"సముద్రం అంత వెనక్కి పోయిందా? ఉండు." క్యాలెండరు కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. "అమావాస్య వెళ్ళిన మరునాడు కదా! పోక ఏం చేస్తుంది?"

అమ్మాయి కళ్ళు పెద్దవయ్యాయి. తను వారం ముందు నుంచి పట్టికలో చూసుకుంటున్నదాన్ని అమ్మమ్మ తిథి చూసి చెప్పింది. పోటు అంటే ఏమిటో, ఆటు అంటే ఏమిటో ఆ రాత్రే నేర్చుకుంది. కాలిఫోర్నియాలో రోజుకు వచ్చే రెండు ఆటులూ సమానంగా ఉండవనీ, ఒకటి బాగా లోతుకు దిగుతుందనీ, అది వేసవిలో తెల్లవారుజామున, చలికాలంలో మధ్యాహ్నం పూట వస్తుందనీ తను చెప్పింది. మన ఆంధ్ర తీరంలో రెండూ ఇంచుమించు ఒక్కలాగే ఉంటాయని అమ్మ ఆశ్చర్యపోయింది.

ఇప్పుడు అమావాస్యకు, పౌర్ణమికి ఫోను అటు నుంచే వస్తోంది. మొన్న అమ్మ అడిగింది, "ఈసారి ఎంతకు దిగుతుందట?"

"మైనస్ ఒక అడుగు, అమ్మమ్మా."

"సున్నా కన్నా కిందికి కూడా పోతుందా?"

అమ్మాయి కాగితం, పెన్సిలు తెచ్చుకుని ఫోను ముందు కూర్చుంది.