పెళ్లి క్యాసెట్ డిస్కులోకి ఎక్కిస్తే సౌండ్ పగులుతోందా? వైరు దగ్గర నుంచి వెతకండి

పాత వీహెచ్ఎస్ క్యాసెట్లను డీవీడీలోకి మార్చేటప్పుడు బొమ్మ విషయంలో అందరూ జాగ్రత్తగానే ఉంటారు. సౌండ్ దగ్గరికి వచ్చేసరికి "తర్వాత కంప్యూటర్లో సరిచేద్దాంలే" అని వదిలేస్తారు. బొమ్మ మసకబారినా మనిషిని గుర్తుపట్టగలం. మాట పగిలిపోతే అది ఎవరి మాటో, ఏమన్నారో కూడా తెలియదు. పైగా పగిలిన సౌండ్ ఒకసారి ఫైల్లోకి ఎక్కాక ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని పూర్తిగా వెనక్కి తేలేదు. అందుకే చేయవలసిన పనిలో ఎక్కువ భాగం రికార్డు బటన్ నొక్కకముందే ఉంటుంది.

మొదట తేలాల్సింది సౌండ్ ఎక్కడ చెడుతోందన్నది. క్యాసెట్లోనా, వీసీఆర్‌లోనా, వైరులోనా, క్యాప్చర్ డివైస్‌లోనా (వీసీఆర్ సిగ్నల్‌ని కంప్యూటర్‌కి ఎక్కించే పరికరం), డిస్కు రాసేటప్పుడా? వీసీఆర్‌ని నేరుగా టీవీకి కలిపి, చెడిందనుకున్న చోటే మళ్లీ వినండి. టీవీలో బాగుండి కంప్యూటర్లో పగిలితే వీసీఆర్ మూత విప్పే పనే లేదు. టీవీలోనూ అలాగే ఉంటే కంప్యూటర్ సెట్టింగులు తిప్పి లాభం లేదు. అప్పుడు ఇంకో క్యాసెట్, వీలైతే కంపెనీ వాళ్లు వేసిన సినిమా క్యాసెట్, పెట్టి చూడండి. అదీ బొంగురుగానే వస్తే తప్పు మెషిన్‌ది.

టీవీలో బాగుండి కంప్యూటర్లో పగలడానికి ముఖ్య కారణం లెవెల్, అంటే సిగ్నల్ బలం, ఎక్కువ కావడం. ల్యాప్‌టాప్ పక్కన ఉండే 3.5 మిల్లీమీటర్ల సాకెట్ లోపలికి తీసుకునేది మైకు సిగ్నల్‌నే. మైకు నుంచి వచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. వీసీఆర్ ఆడియో అవుట్ నుంచి వచ్చేది మామూలుగా 0.3 వోల్టుల దరిదాపుల్లో ఉంటుంది, గట్టి శబ్దాలకు అంతకంటే బాగా పెరుగుతుంది. ఆ రెంటినీ నేరుగా కలిపితే పగలకుండా ఎలా ఉంటుంది? పైగా ఆ మైకు సాకెట్ చాలావరకు మోనోనే. వంద రూపాయల కన్వర్టర్ పిన్నులతో అవస్థ పడేకంటే లైన్ ఇన్ (వీసీఆర్ లాంటి వాటి బలమైన సిగ్నల్‌ని తీసుకునే సాకెట్) ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు గానీ, తెలుపు, ఎరుపు ఆడియో పిన్నులు ఉన్న క్యాప్చర్ డివైస్ గానీ వాడటమే నయం. తప్పదనుకుంటే వైరులో 10 కిలోఓమ్ రెసిస్టర్‌ని సిరీస్‌లో, మైకు వైపు పిన్ను నుంచి గ్రౌండ్‌కి 1 కిలోఓమ్ పెట్టండి. సిగ్నల్ పదకొండో వంతుకు, అంటే సుమారు 21 డెసిబెల్స్ తగ్గుతుంది. పావు వాట్ రెసిస్టర్లు చాలు.

చవక యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్కుల్లో ఇంకో చిక్కు ఉంది. వాటికి లైన్ ఇన్‌పుట్ ఉన్నా, గట్టి సౌండ్‌కి లోపలి చిప్పే నిండిపోతుంది. విండోస్‌లో స్లైడర్ తగ్గిస్తే మీటరు కిందికి దిగుతుంది, పగులు మాత్రం పోదు. స్లైడర్ పని చేసేది సిగ్నల్ అంకెలుగా మారిన తర్వాత, పగిలింది అంతకుముందు. దీన్ని కంటితో చూసి తేల్చుకోవచ్చు. ఒక నిమిషం రికార్డు చేసి ఆడాసిటీలో (సౌండ్‌ని సరిచేసే ఉచిత ప్రోగ్రామ్) తెరిచి, ఒక్కో అల విడిగా కనిపించేదాకా జూమ్ చేయండి. మంచి సౌండ్‌లో అలల కొనలు గుండ్రంగా ఉంటాయి. పగిలినదాంట్లో కత్తెరతో కత్తిరించినట్టు చదునుగా ఉంటాయి. ఆ చదును గీత పైకప్పుకి తగలకుండా ఎక్కడో మధ్యలో, మైనస్ 4, మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతే స్లైడర్ కంటే ముందే పగిలిందని అర్థం. దానికి మందు వైరులోనే వేయాలి. వీసీఆర్‌కీ స్టిక్కుకీ మధ్య 10 కిలోఓమ్‌ల లాగ్ రకం డ్యూయల్ వాల్యూమ్ కంట్రోల్ ఒకటి చిన్న రేకు డబ్బాలో బిగించి పెట్టుకుంటే అన్ని క్యాసెట్లకూ పనికొస్తుంది. రేకు డబ్బాను వైరు గ్రౌండ్‌కి కలపడం మరిచిపోవద్దు.

లెవెల్ ఎక్కడ పెట్టాలి? పెళ్లి క్యాసెట్ అయితే దానికి సరైన చోటు గట్టిమేళం. సన్నాయి, డోలు, చుట్టూ జనం అందరూ ఒక్కసారిగా పెరిగేది మాంగల్యధారణ దగ్గరే. ముందు అక్కడికి ఫార్వర్డ్ చేసి, మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా పెట్టి, తర్వాత రివైండ్ చేసి మొదటి నుంచి ఎక్కించండి. మాటలున్న చోట చూసి లెవెల్ పెడితే గట్టిమేళం వచ్చేసరికి తప్పకుండా పగులుతుంది. ఒక్క మాట: అప్పటి కెమెరాల్లో, వీసీఆర్లలో సౌండ్‌ని తనంతట తానే పెంచి తగ్గించే ఆటోమేటిక్ లెవెల్ ఉండేది. అయినా కెమెరా మైకు దగ్గరే డోలు మోత ఎక్కువై పగిలి ఉంటే అది క్యాసెట్ పుట్టుకతో వచ్చింది. దానికి వైరులో మందు లేదు.

విండోస్ సౌండ్ సెట్టింగుల్లో మైక్రోఫోన్ బూస్ట్, నాయిస్ సప్రెషన్, ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ అన్నీ ఆపేయండి. ఇవి ఫోన్ మాటల కోసం పెట్టినవి. సన్నాయిని ఇవి గోల అనుకుని మింగేస్తాయి, మంత్రాలు నీళ్లలోంచి వస్తున్నట్టు వినిపిస్తాయి. ఫార్మాట్ 2 చానల్స్, 16 బిట్, 48000 హెర్ట్జ్ పెట్టండి. డీవీడీ వీడియోకి కావలసింది 48000. 44100లో ఎక్కించిన సౌండ్‌ని ఏదైనా ప్రోగ్రామ్ 48000 అనుకుని వాయిస్తే దాదాపు 9 శాతం వేగం పెరిగి గొంతులు సన్నబడతాయి. ఏవీ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చే డబ్బా పెట్టి, ఎంఎస్ 2109 చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ స్టిక్కుతో ఎక్కించేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ చిప్ తన 48000 స్టీరియోని 96000 మోనో అని కంప్యూటర్‌కి చెబుతుంది. ఎడమ, కుడి శాంపిల్స్ ఒకదాని వెంట ఒకటి కలిసిపోయి సౌండ్ గరుకుగా వస్తుంది. ఆడాసిటీలో రా డేటాగా దిగుమతి చేసి 16 బిట్, స్టీరియో, 48000 అని చెబితే సరిపోతుంది.

ఇక గుయ్యిమనే శబ్దం. మన దేశంలో దీన్ని తేల్చుకోవడం కష్టం, ఎందుకంటే కరెంటు 50 హెర్ట్జ్, పాల్ (మన దేశపు టీవీ పద్ధతి) వీసీఆర్ డ్రమ్ము, అంటే టేపుని చదివే హెడ్లు బిగించిన సిలిండర్, సెకనుకి 25 చుట్లు తిరిగి రెండు హెడ్లను మార్చుకునేదీ 50 సార్లే. రెండు రోగాలూ ఒకే స్వరంలో పలుకుతాయి. క్యాసెట్ ఆపి చూడండి. ఆపినా గుయ్యిమంటుంటే అది కరెంటుది, గ్రౌండ్ లూప్: రెండు మెషిన్ల గ్రౌండ్ల మధ్య ఆడియో వైరు గుండా పారే కరెంటు. ల్యాప్‌టాప్ చార్జర్ పీకేయండి, వీసీఆర్ వెనక కేబుల్ టీవీ వైరు ఉంటే తీసేయండి, చార్జర్ తప్పదంటే దాన్నీ వీసీఆర్‌నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. అప్పటికీ పోకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న గ్రౌండ్ లూప్ ఐసొలేటర్‌ని ఆడియో వైరులో పెట్టాలి.

క్యాసెట్ ఆపగానే ఆగిపోయి, ఆడుతున్నప్పుడు మాత్రమే గరగరమంటే, మీ వీసీఆర్ హైఫై రకమై ఉంటే, అది ట్రాకింగ్ తప్పు, అంటే టేపు మీది గీతల వెంట హెడ్లు సరిగ్గా నడవడం లేదు. హైఫై సౌండ్ తిరిగే డ్రమ్ము మీది హెడ్లతో, బొమ్మ కిందనే టేపులోకి లోతుగా రాసి ఉంటుంది. ట్రాకింగ్ కొంచెం తప్పినా మొదట దెబ్బతినేది ఇదే. అందుకే ఆటో ట్రాకింగ్ ఆపి, బొమ్మను చూస్తూ కాకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని, గరగర పోయేదాకా చేత్తో సరిచేయండి. బొమ్మకీ సౌండ్‌కీ ఒకే చోట కుదరకపోతే రెండుసార్లు ఎక్కించి, ఒకదాని బొమ్మకి రెండోదాని సౌండ్ కలపడం ఓపిక ఉన్నవాళ్లు చేయదగ్గ పని. అదీ కుదరకపోతే రిమోట్‌లో ఆడియో బటన్ నొక్కి హైఫై నుంచి నార్మల్‌కి, అంటే టేపు అంచున విడిగా ఉండే మామూలు సౌండ్ ట్రాకుకి, మార్చండి. మిక్స్‌లో మాత్రం పెట్టొద్దు, రెండు ట్రాకులూ కలిసి డొల్లగా వినిపిస్తాయి.

ఈ ఆడియో బటన్ ఇంకో మేలు కూడా చేయగలదు. పెళ్లి వీడియోల మీద స్టూడియో వాళ్లు సినిమా పాటలు ఎక్కించేవాళ్లు. అసలు క్యాసెట్ హైఫైలో రికార్డయి, దానిమీదే ఆడియో డబ్ చేసి ఉంటే, పాట పడేది అంచునున్న నార్మల్ ట్రాకు మీద మాత్రమే. కింద హైఫైలో అప్పటి మాటలు అలాగే ఉంటాయి. మిక్సింగ్ చేసి తీసిన కాపీల్లో ఈ అవకాశం ఉండదు. అయినా ప్రతి క్యాసెట్‌నీ రెండు ట్రాకుల్లోనూ ఒకసారి విని చూడాల్సిందే. పాట కింద పోయిందనుకున్న అమ్మమ్మ గొంతు దొరికితే అంతకంటే ఏం కావాలి?

మన ఇళ్లలోని క్యాసెట్లలో చాలావాటికి ఉన్నది మాత్రం ఆ నార్మల్ ట్రాకే. టేపు పై అంచున సన్నటి గీతగా ఉంటుంది. కింది అంచున కంట్రోల్ ట్రాకు ఉంటుంది. పాల్‌లో టేపు సెకనుకి 23.39 మిల్లీమీటర్లే నడుస్తుంది. పాటల క్యాసెట్ 47.6 మిల్లీమీటర్లు నడుస్తుంది, అంటే ఇక్కడ వేగం సగం కూడా లేదు. అందుకే ఈ ట్రాకులో 10 కిలోహెర్ట్జ్ పైన పెద్దగా ఏమీ ఉండదు. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపిన క్యాసెట్లలో ఆరు గంటలు పట్టేలా ఈపీ స్పీడులో తీసినవి ఉంటాయి. ఆ ఎన్‌టీఎస్‌సీ (అమెరికా టీవీ పద్ధతి) ఈపీలో టేపు సెకనుకి 11 మిల్లీమీటర్ల చిల్లరే, సౌండ్ ఇంకా మొద్దుగా ఉంటుంది. వాటికి రెండు పద్ధతులూ చదివే మల్టీ సిస్టం వీసీఆర్ తప్పనిసరి.

క్యాసెట్ మూత పక్క నొక్కు వదిలించి తెరిచి టేపుని వెలుతురులో చూడండి. పై అంచు నలిగి అలలుగా ఉంటే సౌండ్ ఊగుతూ, మధ్యమధ్యలో మునుగుతూ వస్తుంది. కింది అంచు నలిగితే వీసీఆర్ స్పీడు తెలుసుకోలేక గొంతు ఒకసారి సాగి ఒకసారి పరుగెత్తుతుంది. తేమ ఎక్కువగా ఉండే కోస్తా ఊళ్లలో దాచిన క్యాసెట్లకు చక్రం అంచున తెల్లటి బూజు పడుతుంది. దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ మంచి వీసీఆర్‌లో పెట్టొద్దు. బూజు ఒక క్యాసెట్ నుంచి హెడ్లకీ, వాటి నుంచి మిగతా క్యాసెట్లకీ పాకుతుంది.

కరెంటు తీసేసి వీసీఆర్ మూత తెరిస్తే, డ్రమ్ము దాటాక కుడివైపు, టేపుని లాగే స్టీలు కడ్డీకి ముందు కదలకుండా ఉండేదే ఆడియో హెడ్. దూదిపుల్లని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపి దాని ముఖం తుడవండి. గోధుమరంగు మట్టి వస్తుంది, పుల్ల తెల్లగా వచ్చేదాకా మార్చి మార్చి తుడవాలి. మందుల షాపు స్పిరిట్ వద్దు, అందులో కలిపినవి పొరగా మిగలొచ్చు. హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. తర్వాత స్టీలు కడ్డీ, దానికి ఒత్తుకునే రబ్బరు రోలరు. రోలరు అద్దంలా మెరుస్తుంటే టేపు జారుతుంది, సన్నాయి స్వరం వణుకుతుంది. రబ్బరుకి సబ్బునీళ్ల తడిబట్ట మంచిది, పూర్తిగా ఆరాకే క్యాసెట్ పెట్టాలి. డ్రమ్ము మీది వీడియో హెడ్లకు మాత్రం దూదిపుల్ల తగలనివ్వద్దు, పీచు చిక్కి హెడ్ విరుగుతుంది. పీచు రాని కాగితం లేదా మెత్తటి తోలుముక్క తడిపి ఆనించి, డ్రమ్ముని చేత్తో అడ్డంగా తిప్పండి. పైకీ కిందికీ రుద్దితే ఆ హెడ్ పని అయిపోయినట్టే. జపాన్‌కి చెందిన ఫునాయ్ 2016 జులైలో వీసీఆర్ల తయారీ ఆపేసింది, కొత్తవి ఇక రావు. ఉన్నవాటిని కాపాడుకోవాలి.

తుడిచాక కూడా ఒక క్యాసెట్ మాత్రమే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు ఉందా? రాసిన మెషిన్ హెడ్ వాలుకీ, చదివే మెషిన్ హెడ్ వాలుకీ తేడా ఉంది. ఆడియో హెడ్ చుట్టూ ఉన్న స్క్రూలలో ఒకటి ఈ వాలుది, సర్వీస్ మాన్యువల్లో అజిమత్ అని ఉంటుంది. అసలు స్థానం మార్కర్‌తో గీత పెట్టుకోండి. క్యాసెట్ ఆడుతుండగా, "స", "శ" అక్షరాలు తేటగా వినబడేదాకా ఎనిమిదో వంతు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పండి. మూత తీసిన వీసీఆర్‌లో పవర్ సప్లై వైపు మెయిన్స్ కరెంటు ఉంటుంది, అటు చేయి పోనివ్వద్దు, ప్లాస్టిక్ పిడి స్క్రూడ్రైవర్ వాడండి. ఎత్తు స్క్రూ ముట్టుకోవద్దు, అది జరిగితే అన్ని క్యాసెట్లకూ సౌండ్ పోతుంది. ఎక్కించడం అయ్యాక గీత దగ్గరికి మళ్లీ తెచ్చేయండి.

వీసీఆర్ వెనక ఏవీ అవుట్ ఉండగా యాంటెనా వైరుతో ఎక్కించేవాళ్లూ ఉన్నారు. అలా చేస్తే తెరమీద తెల్లటి పెద్ద టైటిల్స్ పడ్డప్పుడల్లా సౌండ్‌లో జుర్రుమంటుంది. వైరు మారిస్తే పోతుంది.

మోనో వీసీఆర్‌కి ఆడియో పిన్ను ఒక్కటే, తెలుపులో పెడితే డిస్కులో ఎడమ స్పీకరే మోగుతుంది. ఆడాసిటీలో స్టీరియోని రెండు మోనోలుగా విడదీసి, ఖాళీ కుడి ట్రాకుని తీసేసి, ఎడమదాన్నే రెండువైపులా పెట్టండి. రెండూ కలిపేస్తే ఖాళీ వైరు పట్టిన హమ్ (గుయ్యిమనే శబ్దం) కూడా వచ్చి చేరుతుంది.

ఇంత చేశాక మిగిలిన దానికే సాఫ్ట్‌వేర్. సౌండ్‌ని డబ్ల్యూఏవీ ఫైలుగా తీసి, దాన్ని తాకకుండా పక్కన పెట్టి, కాపీ మీదే పని చేయండి. గంటకి సుమారు 690 మెగాబైట్లు పడుతుంది, దానికి వెనకాడొద్దు. హమ్ ఉంటే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్లు (ఆ ఒక్క స్వరాన్నే తీసేసేవి). నార్మల్ ట్రాకు అయితే 10 కిలోహెర్ట్జ్ పైనున్నదంతా కోసేసే లోపాస్. అక్కడ ఉన్నది బుస తప్ప ఇంకేమీ కాదు. నాయిస్ రిడక్షన్‌కి ఎవరూ మాట్లాడని రెండు సెకన్ల ముక్కని నమూనాగా ఇచ్చి, 6 నుంచి 9 డెసిబెల్స్ దగ్గర ఆపండి. ఇంకా లాగితే గొంతు వెనక గలగలమని నీటి బుడగల శబ్దం మొదలవుతుంది, బుస కంటే అది ఎక్కువ చికాకు. ఆడాసిటీలోని క్లిప్ ఫిక్స్ (కత్తిరించిన కొనల్ని అంచనాతో మళ్లీ గీసేది) అక్కడక్కడ పగిలిన చోట్ల పనిచేస్తుంది, థ్రెషోల్డ్ 95 శాతంతో మొదలుపెట్టండి. గట్టిమేళం మొత్తం పగిలి ఉంటే దానితో పని జరగదు, లెవెల్ తగ్గించి మళ్లీ ఎక్కించడమే.

చివర్లో నార్మలైజ్ చేసేటప్పుడు (అన్నిటికంటే గట్టి కొన ఒక లెవెల్‌కి చేరేలా మొత్తం సౌండ్‌ని పెంచేటప్పుడు) సున్నాకి కాకుండా మైనస్ 3 డెసిబెల్స్‌కి చేయండి. డీవీడీలో వాడే ఏసీ-3 ఫార్మాట్‌లోకి కుదించేటప్పుడు కొనలు కొంచెం పెరుగుతాయి, సున్నా దగ్గర ఉంటే డిస్కులో మళ్లీ పగులుతాయి. బిట్‌రేట్ సెకనుకి 192 లేదా 256 కిలోబిట్లు చాలు. 4.7 జీబీ డిస్కులో రెండు గంటల క్యాసెట్ పెడితే మొత్తానికి దక్కేది సెకనుకి 5.2 మెగాబిట్లు. పీసీఎం (కుదించని సౌండ్) పెడితే సౌండే అందులో 1.5 తినేసి బొమ్మకి కోత పెడుతుంది. డిస్కు రాశాక ఇంట్లో డీవీడీ ప్లేయర్‌లో గట్టిమేళం దగ్గర విని చూడండి. కంప్యూటర్లో బాగుండి ప్లేయర్‌లో మాత్రం గొంతులు పెరుగుతూ తగ్గుతూ ఉంటే, దాని ఆడియో మెనూలో డైనమిక్ రేంజ్ లేదా నైట్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి.